ఎలుగమ్మ పురిటిగది

వినాయక చవితి నాడు అక్షింతలు చేత్తో పట్టుకుని, కుడుముల పళ్ళెం వైపు చెయ్యి చాపే పిల్లల్ని కసురుతూ ఏటా మనం వినే కథే ఇది. శమంతకమణిని వెతుక్కుంటూ శ్రీకృష్ణుడు అడవిలోకి వెళ్తాడు. ఎలుగుబంటి అడుగుజాడలు పట్టుకుని ఒక గుహలోకి దూరతాడు. లోపల చూస్తే ఉయ్యాల! ఉయ్యాల్లో పాప! పాప ఆడుకోవడానికి పైన వేలాడగట్టిన మణి! కొత్తమనిషిని చూసి పిల్ల కెవ్వుమంటుంది. జాంబవంతుడు ఉరికొస్తాడు. ఇక 28 రోజుల యుద్ధం. (ఉయ్యాల్లో ఉన్న జాంబవతి యుద్ధం అయ్యేసరికి పెళ్ళికూతురు ఎలా అయిందని మాత్రం అడక్కండి. మా అమ్మమ్మని అడిగి నేను మొట్టికాయ తిన్నాను.)

కథ అయ్యాక అక్షింతలు నెత్తిన వేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతాం. కానీ నిజంగా ఎలుగు గుహలో ఏముంటుంది? ఆ చీకట్లో అది ఎలా పురుడు పోసుకుంటుంది? మంత్రసాని లేదు, వేణ్ణీళ్ళు లేవు, కారప్పొడి పెట్టేవాళ్ళు లేరు. మా పెద్దాపురంలో పాండవుల మెట్ట ఎక్కి అక్కడి గుహలోకి తొంగిచూసిన వాళ్ళకి తెలుసు... లోపల కన్ను పొడుచుకున్నా కానరాదు. ఆ సొరంగం రాజమండ్రి గోదావరి ఒడ్డు దాకా పోతుందని పెద్దలు చెబుతారు గానీ వెళ్ళి చూసొచ్చినవాళ్ళు ఎవరూ లేరు! అటువంటి చీకట్లో, పిల్లల తల్లి అయిన ఎలుగు ఉన్నచోటికి ఎవరు వెళ్తారు? వెళ్తే జాంబవంతుడి యుద్ధమే.

అందుకే మనిషి కన్నుకి బదులు కెమెరా కన్ను వెళ్ళింది.

చెట్టుకు కట్టిన కన్ను

ఈ కెమెరాలు మన ప్రాంతం వాళ్ళకి కొత్తేమీ కాదు. 2022 మే, జూన్ నెలల్లో ప్రత్తిపాడు వైపు పెద్దపులి తిరుగుతోందని అందరం తలుపులు బిడాయించుకోలేదూ? అప్పుడు అటవీశాఖవారు చెట్లకు కట్టినవి ఇవే. 2024 సెప్టెంబరులో రాజమండ్రి పక్కన దివాన్‌చెరువు అడవిలో చిరుతపులి కనిపించినప్పుడూ ఇవే కట్టారు. ఇంచుమించు మన పిల్లల క్యారేజీ గిన్నెంత పెట్టె. దాని ముందు నుంచి ఒంట్లో వేడి ఉన్న ప్రాణి ఏది కదిలినా పసిగట్టి దానంతటదే ఫొటో తీసుకుంటుంది. రాత్రిపూట కంటికి కనిపించని కాంతి విసురుతుంది గనుక జంతువు బెదరదు. రాత్రి బొమ్మలన్నీ పాత సినిమాల్లా తెలుపు నలుపుల్లో ఉండేది అందుకే.

ఇవి దారి మీద వచ్చేపోయేవాళ్ళని చూసే కెమెరాలు. గుహ లోపలే ఒక కన్ను పెట్టి, తల్లి పడుకున్నదీ, లేచినదీ, నొప్పులు పడినదీ రాత్రింబవళ్ళు చూడటం మరో ఎత్తు. ఆ పని అమెరికాలో జరిగింది.

లిల్లీ పురుడు

అమెరికాకి ఉత్తరాన మిన్నెసోటా అని ఒక రాష్ట్రం ఉంది. చలికాలంలో అంతా మంచే. అక్కడి ఈలీ అనే ఊరి దగ్గర లిన్ రోజర్స్ అనే శాస్త్రవేత్త 1960ల నుంచీ నల్ల ఎలుగుల్ని పరిశీలిస్తూ వచ్చారు. ఆయనకి బాగా తెలిసిన ఎలుగుల్లో లిల్లీ ఒకటి. మూడేళ్ళు నిండబోతున్న పడుచుది, తొలిచూలు. 2010 జనవరిలో లిల్లీ పడుకున్న గుహలో చిన్న కెమెరా, మైకు అమర్చి ఆ దృశ్యాన్ని ఇంటర్నెట్లో పెట్టారు. వేలాదిమంది ఆ తెలుపు నలుపు బొమ్మకి అతుక్కుపోయారు. చూడటానికి అందులో ఏముంది? ఒక బొచ్చు ముద్ద. ఊపిరి తీస్తుంటే అది పైకీ కిందకీ కదులుతుంది. అంతే! అయినా చూశారు. పక్కింటి కోడలు ఆసుపత్రికి వెళ్తే మనకి నిద్ర పడుతుందా?

జనవరి 21న నొప్పులు మొదలయ్యాయి. అటు తిరిగి, ఇటు తిరిగి, లేచి కూర్చుని, మళ్ళీ ముడుచుకుని రాత్రంతా అవస్థ పడింది లిల్లీ. 22వ తేదీన బిడ్డ కేర్‌మంది. మైకులోంచి ఆ కేక ప్రపంచమంతా వినబడింది. ఆడపిల్ల! దానికి హోప్ అని పేరు పెట్టారు. అంటే ఆశ.

పుట్టినప్పుడు ఈ జాతి పిల్ల అరకిలో కూడా తూగదు. కళ్ళు తెరవదు. ఒంటి మీద నూగు తప్ప బొచ్చుండదు. వంద కిలోల తల్లి పక్కన అంత నలుసు! తల్లి దాని మీద పొర్లిపోదా అని చూసేవాళ్ళకి ఒకటే దడ. లిల్లీ మాత్రం తల వంచి, రొమ్ము దగ్గర గూడులా ముడుచుకుని, ఊపిరి ఆవిరితో బిడ్డను వెచ్చబెట్టింది. పిల్ల కుయ్యిమంటే చాలు, కాస్త జరిగేది. నాకిందే నాకడం. పాలు తాగేటప్పుడు ఈ పిల్లలు మన కుట్టుమిషను దూరం నుంచి వినబడినట్టు గుర్‌ర్ అని ఒక హాయైన చప్పుడు చేస్తాయి.

ఇక్కడ బాలింత పథ్యం గురించి ఒక మాట చెప్పుకోవాలి. అక్కడి తల్లి ఎలుగు చలికాలమంతా ముద్ద ముట్టదు, నీళ్ళు తాగదు. శరత్కాలంలో తిని ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి తిండి, అదే బిడ్డకి పాలు. ఆ పాలు ఎంత చిక్కగా ఉంటాయంటే, మన గేదెపాలలో వెన్న ఏడు శాతం ఉంటే మురిసిపోతామే... నల్ల ఎలుగు పాలలో అది ఇరవై శాతం పైమాటే. లేహ్యాలూ, పత్యపు కూరలూ లేకుండా!

ఇక్కడితో ఆపేస్తే సినిమాలో శుభం కార్డు వేసినట్టుండేది. జరిగింది వేరు. ఎండలు వచ్చి గుహ వదిలాక, ఆ మే నెలలో లిల్లీ పిల్లని ఒంటరిగా వదిలేసి వెళ్ళిపోయింది. చూస్తూ ఊరుకోలేక పరిశోధకులు హోప్‌కి తిండి అందించారు. వేసవిలో తల్లీబిడ్డలు మళ్ళీ కలిశారు. 2011 జనవరిలో లిల్లీకి మరో రెండు పిల్లలు పుట్టాయి. ఏడాది నిండిన హోప్ కూడా అదే గుహలో తల్లి పక్కనే పడుకుని ఉంది. మామూలుగా అక్కడి తల్లులు ఏడాది దాటిన పిల్లని వదిలేశాకే మళ్ళీ కంటాయి గనుక అది అరుదైన దృశ్యం. ఆ రెండింట్లో ఒకటి కొన్ని నెలలకే పోయింది. ఆ సెప్టెంబరులో వేట కాలం వచ్చింది. అక్కడ లైసెన్సు ఉన్నవాళ్ళు ఎలుగుల్ని చట్టప్రకారం వేటాడవచ్చు. హోప్‌ని ఒక వేటగాడు కాల్చేశాడు.

పుట్టిన క్షణం నుంచి చూసిన బిడ్డ. ఎంతమంది ఆడవాళ్ళు ఏడ్చి ఉంటారో.

రోజర్స్ గారు ఎలుగులకి చేత్తో తిండి పెట్టి మచ్చిక చేసుకుంటారు. దానివల్ల అవి మనుషులంటే భయం మరిచిపోతున్నాయి, ఇళ్ళ దగ్గరికి వస్తున్నాయి అని ఆ రాష్ట్ర ప్రభుత్వం 2013లో ఆయనకి అనుమతి పొడిగించలేదు. ఆయన కోర్టుకి వెళ్ళారు గానీ ఫలితం దక్కలేదు. ఆయన వల్ల ఎలుగంటే పీక కొరికేసే రాక్షసి కాదని లోకానికి తెలిసింది, నిజమే. కానీ నా మట్టుకు నాకు, గుహలో కెమెరా పెట్టడం తప్పనిపించలేదు గానీ, చేత్తో తిండి పెట్టడం దగ్గర మాత్రం గీత దాటినట్టే అనిపించింది.

మన గుడ్డెలుగు సంగతి

ఇక మన ఎలుగు దగ్గరికి వద్దాం. మారేడుమిల్లి, రంపచోడవరం కొండల్లోనూ, పాపికొండల్లోనూ తిరిగేది ఇదే. ఛాతీ మీద ఇంగ్లీషు V అక్షరంలాంటి తెల్లని మచ్చ, చింపిరి జుట్టు, మూడంగుళాల గోళ్ళు. దీనికి ఇంగ్లీషులో పెట్టిన పేరుకి అర్థం బద్ధకపు ఎలుగు! 18వ శతాబ్దం చివర్లో ఒక ఇంగ్లీషు శాస్త్రవేత్త దీని గోళ్ళు చూసి, చెట్లకి వేలాడుతూ కదలకుండా పడి ఉండే దక్షిణ అమెరికా జంతువుకి ఇది చుట్టమనుకున్నాడు. రాత్రంతా పుట్టలు తవ్వి, తెల్లారేసరికి పిల్లల దగ్గరికి పరుగెత్తే ఇల్లాలికి బద్ధకమట!

దీని ముఖ్యమైన తిండి చెదపురుగులు. పై వరుసలో ముందు పళ్ళు రెండు ఉండవు. ఆ సందులోంచి గాలి ఊది మట్టి చెదరగొట్టి, పురుగుల్ని జుర్రుకుంటుంది. ఆ చప్పుడు వంద గజాల అవతలికి వినిపిస్తుంది. చెదలతో పాటు రేగుపళ్ళు, నేరేడుపళ్ళు, తునికిపళ్ళు, ఇప్పపూలు... ఇక తేనె అయితే చెప్పనే అక్కర్లేదు.

అమెరికా ఎలుగులా మన ఎలుగు చలికాలమంతా నిద్రపోదు. మన చలి ఏపాటిదని! అది గుహ పట్టేది పురుటి కోసమే. సాధారణంగా కార్తీకం నుంచి సంక్రాంతి వరకూ దాని కాన్పుల కాలం. ఒకటో రెండో పిల్లలు, ఎప్పుడో గానీ మూడు ఉండవు. మూడు వారాలకి కళ్ళు తెరుస్తాయి. తొలి రోజుల్లో తల్లి పిల్లల్ని వదిలి కదలదు. రెండు మూడు నెలలకి వాటిని వెంటబెట్టుకుని బయటికి వస్తుంది.

కర్ణాటకలో, తుంగభద్ర చుట్టుపక్కల రాతికొండల్లో, వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ అనే సంస్థ పరిశోధకులు గుహల ముందు కెమెరాలు పెట్టి ఈ రాకపోకలు చూశారు. గమనించారా, గుహ ముందు! లోపల కాదు. మంచు కింద మత్తుగా పడుకునే అమెరికా ఎలుగు కాదిది. మెలకువగా ఉండే తల్లి. వాసన పసిగట్టడంలో మేటి. కొత్త వాసన తగిలితే ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు? అందుకే గుమ్మం బయటి నుంచే చూపు.

గుహలోంచి బయటికి వచ్చిన తల్లి వీపు మీద పిల్లలుంటాయి. ప్రపంచంలో ఎనిమిది జాతుల ఎలుగులున్నా, పిల్లల్ని ఇలా అలవాటుగా వీపున మోసేది మన ఎలుగు ఒక్కతే. భుజాల మీద బొచ్చు పొడుగ్గా ఉంటుంది, పిల్లలకి పట్టుకొమ్మ. రెండు పిల్లలుంటే ముందు సీటు కోసం తగువు కూడా పడతాయి. స్కూటరు మీద నాన్న ముందు నేనంటే నేనని మన పిల్లలు కొట్టుకున్నట్టే! ఆరేడు నెలలు వచ్చినా దిగమంటే దిగవు. పులో, మరో మగ ఎలుగో ఎదురైతే తల్లి పిల్లలతో సహా నిలబడి అరుస్తుంది. దాదాపు రెండేళ్ళు పిల్లలు తల్లి వెంటే.

తాయెత్తులో వెంట్రుక

ఇంతవరకూ ముచ్చటగా చెప్పుకున్నాం. ఇప్పుడు మన గుమ్మంలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

మా చిన్నప్పుడు డమరుకం చప్పుడు వినబడితే వీధి వీధంతా పరుగెత్తేది. ఎలుగుబంటి వాడొచ్చాడు! ముక్కుకి తాడు, తాడు చివర వాడి చెయ్యి. అది వెనక కాళ్ళ మీద లేచి గెంతేది, దండం పెట్టేది. అమ్మలు చంటిపిల్లల్ని తెచ్చి కాసేపు దాని వీపున కూర్చోబెట్టేవాళ్ళు, దడుపు పోతుందని. పావలా ఇస్తే వాడు దాని ఒంటి మీది వెంట్రుక ఒకటి పీకి ఇచ్చేవాడు. అది రాగి తాయెత్తులో పెట్టి పిల్ల మెళ్ళో కట్టేవాళ్ళు. నా మెళ్ళోనూ కట్టారు. మా తమ్ముడి మొలతాడుకి కూడా ఉండేది.

ఆ ఎలుగు ఎక్కడినుంచి వచ్చిందని మా వీధిలో ఎవరూ అడగలేదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి రాస్తున్నాను. పైన చెప్పుకున్న ఆ పురిటి గుహలోంచే వచ్చింది. కొన్ని వారాల పిల్లల్ని వేటగాళ్ళు గుహల్లోంచి ఎత్తుకొచ్చేవాళ్ళు. తల్లి ఊరుకుంటుందా? ఎన్నోసార్లు ముందు తల్లిని చంపేవాళ్ళు. ఆ పిల్లని ఆడించేవాళ్ళకి అమ్మేవాళ్ళు. నెలల పసిదానికి మత్తైనా ఇవ్వకుండా కాల్చిన ఇనప సూదితో మూతి పైభాగం పొడిచి తాడు గుచ్చేవాళ్ళు. కోరపళ్ళు విరగ్గొట్టేవాళ్ళు. తాడు లాగినప్పుడల్లా పుండు సలుపుతుంది, ఆ నొప్పికి అది లేచి గెంతుతుంది. మేం చప్పట్లు కొట్టిన నాట్యం అదే.

దాన్ని ఆడించిన కలందరు కుటుంబాల వాళ్ళూ కలిగినవాళ్ళేం కాదు. తాతల నాటి వృత్తి, మరో పని తెలీదు. 1972 వన్యప్రాణి చట్టం ఇది నేరమని చెప్పినా చాలా ఏళ్ళు వీధుల్లో ఆడుతూనే వచ్చాయి. చివరికి స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వమూ కలిసి ఒక దారి వెతికాయి. ఎలుగును అప్పగించినవాళ్ళకి మరో బతుకుతెరువు చూపించారు. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళకి కుట్టుపనీ, పిల్లలకి బడీ. ఆగ్రాలోనూ, బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టలోనూ ఎలుగులకి ఆశ్రయాలు కట్టారు. ఆరు వందలకు పైగా ఎలుగులు అలా తాడు విడిపించుకున్నాయి. 2009 చివర్లో ఆఖరి ఎలుగును కూడా అప్పగించారు. బన్నేరుఘట్టలో ఉన్నవాటికి అడవిలో బతకడం రాదు, మూతి మీద మచ్చ పోదు. పుచ్చకాయ ముక్కలు తింటూ, చెట్టు కింద దొర్లుతూ ముసలితనం గడుపుకున్నాయి.

మా అమ్మ పెట్టెలో ఆ రాగి తాయెత్తు ఇంకా ఉంది. మొన్న చేతికి తగిలితే మూత తీసి చూడబుద్ధి కాలేదు.

బెల్లం పాకం, జీడితోట

హంపీ చూడటానికి మనవాళ్ళు బస్సులు కట్టించుకుని వెళ్తారు కదా. ఆ దగ్గర్లోనే దరోజి అనే చోట ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది, 1994లో ఏర్పరిచారు. అక్కడ రాతిబండల మీద బెల్లం పాకం పూస్తారు. సాయంత్రం ఎలుగులు దిగి వచ్చి నాకుతుంటే దూరంగా మంచె మీద నుంచి చూడొచ్చు. పిల్లల్ని వీపున ఎక్కించుకుని వచ్చే తల్లులు కూడా కనిపిస్తాయి. చూడ్డానికి కన్నుల పండుగే. అయితే మనిషి పూసిన తీపికి అలవాటు పడటం మంచిదేనా అంటే, నాకు హోప్ గుర్తొస్తుంది.

మనిషికీ ఎలుగుకీ మధ్య ఎడం తగ్గితే ఏమవుతుందో చూడటానికి శ్రీకాకుళం ఉద్దానం చాలు. జీడితోటలూ, కొబ్బరితోటలూ, మధ్యలో చిన్న చిన్న గుట్టలు. ఆ గుట్టల్లో ఎలుగులు. నూనె వాసనకి గుళ్ళలోకీ, వంటగదుల్లోకీ కూడా వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒక రైతు ప్రాణం పోయింది. ఆ వెంటనే మరికొందరు గాయపడ్డారు. మత్తుమందు ఇచ్చి దాన్ని పట్టుకున్నారు. విశాఖ జూకి తీసుకెళ్తుంటే అదీ చచ్చిపోయింది.

పిల్లల తల్లి ఎలుగు తక్కిన ఎలుగుల్లా కేవలం రాత్రిపూటే తిరగదు. పులులూ, మగ ఎలుగులూ తిరిగే వేళ తప్పించుకోవడానికి పట్టపగలు కూడా మేతకి వస్తుంది. జీడిపిక్కలు ఏరడానికో, పుల్లలకో, ఇప్పపువ్వుకో మన ఆడవాళ్ళు వెళ్ళేదీ పొద్దున్నే. దానికి చూపు ఆనదు, పుట్ట తవ్వేటప్పుడు ఏ చప్పుడూ పట్టించుకోదు. తీరా పది అడుగుల్లో మనిషి కనబడేసరికి హడలిపోయి మీద పడుతుంది. తినడానికి కాదు, వీపు మీది పిల్లల కోసం. ఏజెన్సీ వైపు చుట్టాలున్నవాళ్ళు, కొండ పక్క తోటలున్నవాళ్ళు గుర్తుంచుకోండి. ఒంటరిగా వెళ్ళకండి. నలుగురూ కబుర్లు చెప్పుకుంటూ, గాజులు గలగలమనిపిస్తూ వెళ్ళండి. మునిమాపు వేళా, చీకటుండగానూ వద్దు. చలికాలంలో బండల సందుల దగ్గరికి పుల్లల కోసం అసలే పోవద్దు. పిల్ల ఒక్కటే కనిపించిందని ముద్దుకి దగ్గరికి వెళ్ళకండి, తల్లి అక్కడే ఉంటుంది.

పోయిన చవితికి మా ఇంట్లో కథ చదువుతుంటే ఎనిమిదేళ్ళ మా మనవరాలు మధ్యలో ఆపింది. "అమ్మమ్మా, పాప పడుకున్న గుహలోకి కృష్ణుడు అడక్కుండా ఎందుకెళ్ళాడు?"

"మణి కోసమే తల్లీ" అన్నాను.

"బయట చెట్టుకి కెమెరా కడితే సరిపోయేదిగా!"

పీట మీద కూర్చున్న మా అల్లుడు పుస్తకం పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. కుడుములు చల్లారిపోతున్నాయని మా అమ్మాయి వంటింట్లోంచి ఒకటే కేకలు.